రాజీనామా చివరి కాగితం: దీర్ఘకాలిక జబ్బుతో ఉద్యోగం మానాలా వద్దా, ఒక్కో అడుగూ

మా బావగారిది కనిగిరి వైపు పల్లెటూరు. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా నాలుగేళ్ల ఏడు నెలలు పనిచేశారు. కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక కూడా ఆరు నెలలు లాక్కొచ్చారు. ఒక సోమవారం పొద్దున కాళ్లు వాచి బూట్లు ఎక్కలేదు. చెప్పులతోనే వెళ్లి, గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగి ఒక తెల్లకాగితం తీసుకుని, నిలబడే మూడు లైన్లు రాసిచ్చి ఇంటికొచ్చేశారు. "వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని.

ఆ "వ్యక్తిగత కారణాలు" అన్న మాట ఖరీదెంతో మాకు ఏడాది తర్వాతగానీ అర్థం కాలేదు. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, రాలేదు. పీఎఫ్‌లో అశక్తత పింఛను అడిగే దారి మూసుకుపోయింది. ఈఎస్ఐ (జీతంలోంచి కోసే ఉద్యోగుల ఆరోగ్య బీమా) నుంచి నెలనెలా రావలసిన డబ్బు అడగనే లేదు, అలాంటిది ఒకటుందని మాలో ఎవరికీ తెలియదు కాబట్టి. ఆయనకు ఇవన్నీ ఇవ్వకూడదని ఎవరూ అడ్డుపడలేదు. రాజీనామా ముందు రాసి, మిగతావి తర్వాత చూసుకుందాం అనుకున్నాం. అక్కడే పోయింది.

నాది వేరే జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి నొప్పిపుట్టే జబ్బు. నెల్లూరు బయట రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పని నాది. బావగారి సంగతి కళ్లారా చూశాను కాబట్టి, నా వంతు వచ్చినప్పుడు నేను రాజీనామా కాగితాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాను. ఈ రాసేదంతా ఆ వరసే. కిడ్నీ, గుండె, కీళ్లు, నరాలు, మనసు, దేని జబ్బుతో సతమతమవుతున్నా వరస ఇదే.

మొదటి అడుగు: రెండు నెలల డైరీ

"ఇక నావల్ల కాదు" అనిపించిన రోజు నిర్ణయం తీసుకోకండి. ఆ రోజు నుంచి ఒక పాత నోటుబుక్కులో రోజూ నాలుగు లైన్లు రాయండి. ఎన్నింటికి లేచారు, ఏ పని చేయలేకపోయారు, ఏ పనికి ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చింది, ఇంటికొచ్చాక ఎంతసేపు పడుకున్నారు.

నా డైరీలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "పాల ప్యాకెట్ కత్తెరతో కూడా కత్తిరించలేకపోయాను, పాప కత్తిరించింది. జడ కూడా పాపే వేసింది. ఐస్ హాల్లో గంటన్నర. స్టాప్లర్ నొక్కడానికి రెండు అరచేతులూ కలిపి ఒళ్లంతా బరువు వేశాను. సాయంత్రం గేటు గడియ తీయలేక పక్కింటామెను పిలిచాను." ఇలాంటివి రాస్తుంటే మొదట్లో ఏడుపొస్తుంది. రాయండి. రెండు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, నాకు బాగా చెడ్డ రోజుల్లో ఎక్కువ భాగం ఐస్ హాల్లో డ్యూటీ పడిన రోజులూ, వాటి మర్నాళ్లూ. అంటే నన్ను పడగొడుతున్నది ఉద్యోగం మొత్తం కాదు, అందులో ఒక ముక్క. ఆ సంగతి డైరీ లేకపోతే నాకు తెలిసేది కాదు, మేనేజర్‌కి చూపించడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

కొందరికి డైరీ ఇంకో మాట చెప్తుంది: ఏ పని ఇచ్చినా, ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటేనని. అదీ తెలియాల్సిందే.

రెండో అడుగు: డాక్టర్‌ని సరిగ్గా అడగడం

"సార్, నేను ఉద్యోగం చేయొచ్చా?" అని అడిగితే "చూసుకుని చేసుకోమ్మా" అంటారు. ఆ జవాబుతో ఏమీ తేలదు. ఇలా అడగండి. ఈ జబ్బు తగ్గేదా, ఇక్కడే ఆగేదా, ముదిరేదా? వాడాల్సిన మందులన్నీ వాడి చూశామా, ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయా? నేను ఖచ్చితంగా చేయకూడని పనులేమిటి?

మూడో ప్రశ్నకు జవాబు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. "బరువులు ఎత్తరాదు, చల్లని చోట పనిచేయరాదు, నైట్ డ్యూటీ చేయరాదు" అని సంతకం, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరుతో ఉన్న ఒక్క కాగితం మీ తరఫున చాలాచోట్ల మాట్లాడుతుంది.

ఇంకో విషయం కూడా అడగాలి, సిగ్గుపడకుండా. ఏళ్ల తరబడి నొప్పి, నిద్ర లేకపోవడం, డబ్బు టెన్షన్ కలిస్తే మనసు కుంగిపోతుంది. ఆ కుంగుబాటులో అన్నీ వదిలేయాలనిపిస్తుంది. దానికీ మందుంది. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ముందు అది కుదుటపడనివ్వండి, ఆ తర్వాత ఉద్యోగం సంగతి.

మూడో అడుగు: మానేముందు మార్చమని అడగడం

నోటితో అడిగితే గాలిలో పోతుంది. కాగితం మీద అడగండి, రెండో కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి, లేదా మెయిల్ పెట్టండి. షిఫ్టు మార్పు, కూర్చుని చేసే పని, కింద అంతస్తులో సీటు, డయాలసిస్ రోజుల్లో సెలవు, ఏది కావాలో సూటిగా రాయండి. నేను ఐస్ హాల్ నుంచి రికార్డుల టేబుల్‌కి మార్చమన్నాను. జీతంలో రెండు వేలు తగ్గించారు. బాధ అనిపించింది, ఒప్పుకున్నాను. ఎందుకో ఐదో అడుగు చదివితే తెలుస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు ఈ విషయంలో గట్టి రక్షణ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 20వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయడానికీ, హోదా తగ్గించడానికీ వీల్లేదు. ఉన్న పోస్టు చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకు మార్చాలి. అలాంటిది ఖాళీ లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా, ఆ మనిషి కోసమే అదనంగా సృష్టించిన సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచాలి. కాబట్టి "మెడికల్‌గా అన్‌ఫిట్ అయ్యావు, కాగితం రాసిచ్చి వెళ్లిపో" అని ఎవరైనా అంటే సంతకం పెట్టకండి. ముందు వేరే పోస్టు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. న్యాయసహాయం కావాలంటే నెల్లూరు, ఒంగోలు కోర్టు ఆవరణల్లో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వైకల్యం ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. హెల్ప్‌లైన్ 15100.

ప్రైవేటులో ఇంత గట్టి నిబంధన లేదు. అయినా అడిగిన కాగితం, వాళ్లిచ్చిన జవాబు రెండూ ఫైల్లో ఉండాలి. రేపు "జబ్బు వల్లే మానాల్సి వచ్చింది" అని చూపించడానికి అవే ఆధారం.

నాలుగో అడుగు: మీ జబ్బు ఏ అరలో పడుతుందో చూసుకోవడం

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ప్రభుత్వం లెక్కలో జబ్బు వేరు, వైకల్యం వేరు. మంచం మీద నుంచి లేవలేకపోతున్నా వైకల్యం సర్టిఫికెట్ రాకపోవచ్చు. నడుస్తూ తిరుగుతున్నా రావచ్చు.

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లూచేతులకు సంబంధించినవి, మానసిక అనారోగ్యం, వీటితోపాటు పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ కూడా ఉన్నాయి. కిడ్నీ జబ్బు లేదు. గుండె జబ్బు లేదు. షుగర్ లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా ఆ పేరుతో లేదు, కానీ దానివల్ల వేళ్లు వంకరపోయి కీళ్లు కదలకపోతే కాళ్లూచేతుల వైకల్యం కింద కొలుస్తారు. షుగర్ వల్ల కాలు తీసేసినా, చూపు పోయినా అంతే. కొలిచేది జబ్బు పేరును కాదు, అది మిగిల్చిన లోటును. ప్రయోజనాలకు సాధారణంగా 40 శాతం లేదా ఆపైన ఉండాలి.

ఇక ఇంకో అర ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో దీర్ఘకాలిక వ్యాధుల వాళ్లకు వేరే లెక్క. 2024 జూలై నుంచి ఇస్తున్న మొత్తాలు ఇవి: వైకల్యం ఉన్నవారికి నెలకు ₹6,000. పక్షవాతం, ప్రమాదం, తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి ₹15,000. డయాలసిస్ మీద ఉన్నవారికి, కిడ్నీ, లివర్, గుండె మార్పిడి చేయించుకున్నవారికి ₹10,000. డయాలసిస్ మొదలుకాకపోయినా, కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్షల్లో క్రియాటినిన్ 5 దాటినా, ఈజీఎఫ్ఆర్ 15 కంటే తగ్గినా ₹10,000 వర్గంలోకే వస్తారు. తలసీమియా, సికిల్ సెల్, తీవ్రమైన హిమోఫీలియా కూడా ఆ వర్గమే.

మా ఇంట్లోనే చూడండి. బావగారికి వైకల్యం సర్టిఫికెట్ రాదు, కానీ ₹10,000 పింఛను వస్తుంది. నాకు ఆ ₹10,000 పింఛను రాదు, సర్టిఫికెట్ వచ్చింది. ఒకే హాల్లో కూర్చుని ఒకే టీ తాగే ఇద్దరం వేరు వేరు అరల్లో ఉన్నాం. అందుకే పక్కింటివాళ్లకి వచ్చింది కాబట్టి మనకూ వస్తుందని ఉద్యోగం మానకండి.

ఐదో అడుగు: సర్వీసులో ఉండగానే అడగాల్సినవి

ఈ భాగం రెండుసార్లు చదవండి.

ముందు ఈఎస్ఐ. జీతం ₹21,000 లోపు ఉండి, పే స్లిప్‌లో 0.75 శాతం కోత పడుతుంటే మీకు ఈఎస్ఐ ఉన్నట్టే. మనవాళ్లు దాన్ని డిస్పెన్సరీ మాత్రలకే అనుకుంటారు. అసలు విలువ వేరే చోటుంది. జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. దానికి సంబంధించిన ఆరు నెలల్లో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. అది అయిపోయాక, 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో మీది ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. దీనికి రెండేళ్ల సర్వీసు, అందులో 156 రోజుల చందా ఉండాలి. ఆ జాబితాలో క్యాన్సర్, క్షయ, కిడ్నీ వైఫల్యం, గుండె వైఫల్యం, పక్షవాతం, పార్కిన్సన్స్, స్కిజోఫ్రెనియా లాంటివి ఉన్నాయి.

బావగారి జీతం ₹19,000. రోజుకు సుమారు ₹630. అందులో 80 శాతం అంటే ₹500 పైచిలుకు, నెలకు ₹15,000. ఆయన మంచం మీద ఉన్న రోజుల్లో అక్క పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. అడిగి ఉంటే ఆ అవసరం ఉండేది కాదేమోనని ఇప్పటికీ నాకు గుండె కలుక్కుమంటుంది. దీనికి సర్టిఫికెట్ ఈఎస్ఐ డాక్టర్ దగ్గరే తీసుకోవాలి. ప్రైవేటు డాక్టర్ చీటీలు మాత్రమే పట్టుకెళ్తే కుదరదు, కాబట్టి జబ్బు ముదరకముందే ఈఎస్ఐలో కేసు షీటు మొదలుపెట్టించండి. రాజీనామా చేస్తే చందా ఆగిపోతుంది, దానితో ఈ హక్కూ కరిగిపోతుంది.

తర్వాత పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం, అంటే ఈపీఎస్ 1995. మామూలుగా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. కానీ ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తులైతే ఆ పదేళ్ల నిబంధన లేదు. ఒక్క నెల చందా పడి ఉన్నా చాలు, జీవితాంతం పింఛను వస్తుంది. కనీసం ₹1,000. మొత్తం చిన్నదే, కానీ మీ తర్వాత భార్యకో భర్తకో కుటుంబ పింఛనుగా కొనసాగుతుంది. "అశక్తత" అంటే మీరు అప్పటిదాకా చేస్తున్న పనికి పనికిరాకపోవడం. మెడికల్ బోర్డు పరీక్ష చేసి తేలుస్తుంది. ఫారం 10డీలో దరఖాస్తు. అసలు మాట "ఉద్యోగంలో ఉండగా" అన్నది. మానేశాక అశక్తుడినయ్యానంటే ఒప్పుకోరు. బావగారికి పదేళ్లు లేవు కాబట్టి ఫారం 10సీ పెట్టి కొద్దిపాటి డబ్బు వెనక్కి తీసుకున్నారు, అంతటితో సరి.

గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలని అందరికీ తెలుసు. చావు, అశక్తత వల్ల ఉద్యోగం ముగిస్తే ఐదేళ్లు అక్కర్లేదని చాలామందికి తెలియదు. 1972 చట్టంలో ఉన్న ఈ మినహాయింపు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. లెక్క ఇలా: చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించాలి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. బావగారి బేసిక్ ₹13,000. ఏడాదికి ₹7,500, ఐదేళ్లకు ₹37,500. "వ్యక్తిగత కారణాలు" అని రాసినందుకు ఆయనకు నాలుగేళ్ల ఏడు నెలలు ఐదేళ్లు కాలేదు.

పీఎఫ్ సొమ్ము విషయంలోనూ కారణం ముఖ్యమే. ఐదేళ్ల సర్వీసులోపు మొత్తం తీసేస్తే పన్ను పడుతుంది, అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయి ఉంటే పడదు. వైద్యం ఖర్చుకు ఉద్యోగంలో ఉండగానే అడ్వాన్సు తీసుకోవచ్చు. ఇందులో చిక్కేమిటంటే, ఉద్యోగం ముగిసిన తేదీని, కారణాన్ని మామూలుగా కంపెనీవాళ్లు ఆన్‌లైన్‌లో ఎంచుకుంటారు. అక్కడ శాశ్వత అశక్తత అన్న కారణం కూడా ఉంటుంది. హెచ్ఆర్‌లో ఎవరో తొందరలో మామూలు కారణం నొక్కేస్తే దాన్ని సరిచేయించడానికి నెలలు పడుతుంది. పక్కన కూర్చుని చూడండి. పీఎఫ్ సమస్యలకు ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" శిబిరం పెడతారు, కాగితాలతో అక్కడికి వెళ్లవచ్చు.

కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటే, చివరి పనిదినం తర్వాత అది ఉండదు. జబ్బు ఉన్న మనిషికి బయట కొత్త పాలసీ దొరకడం కష్టం. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు నిబంధనల్లో ఉంది, కాబట్టి మానేముందే దరఖాస్తు చేయండి. అది కాకపోతే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు మీ కుటుంబం అర్హమో కాదో గ్రామ లేదా వార్డు సచివాలయంలో ముందే చూపించుకోండి. డయాలసిస్ దాని కింద జరుగుతుంది.

చివరగా, జబ్బు పని వల్లే వచ్చిందా అన్నది. చీమకుర్తి వైపు రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు దీన్ని దగ్గు అనో క్షయ అనో ఏళ్లు గడుపుతారు. రాతిదుమ్ముతో వచ్చే ఈ జబ్బు పేరు సిలికోసిస్, అది చట్టం గుర్తించిన వృత్తివ్యాధి. ఈఎస్ఐ ఉంటే, సంపాదించే శక్తి ఎంత పోయిందో లెక్కగట్టి జీవితాంతం నెలనెలా ఇస్తారు. ఈఎస్ఐ లేకపోతే యజమాని నుంచి పరిహారం కోరవచ్చు. ఎక్కడ ఎన్నేళ్లు పనిచేశారో చూపే పాత పే స్లిప్పు, మస్టర్ కాపీ, ఐడీ కార్డు, ఏదీ పారేయకండి.

ఆరో అడుగు: సదరం

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. గ్రామ లేదా వార్డు సచివాలయంలోనో మీసేవలోనో ఆధార్‌తో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇచ్చిన తేదీన చెప్పిన ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఒరిజినల్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీలు, వాడుతున్న మందుల చీటీ, మీ డైరీ తీసుకెళ్లండి. తేదీల వరసలో పెట్టి పైన ఒక పేజీ సారాంశం రాయండి: జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ ఆపరేషన్లు, ఏ మందులు, ఇప్పుడు ఏం చేయలేరు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజుల ముందే కీళ్లలో ఇంజక్షన్ చేయించుకున్నాను, ప్రయాణం తట్టుకోవడానికి. మంచి చీర కట్టుకుని, నొప్పి కనిపించకుండా నవ్వుతూ కూర్చున్నాను. డాక్టరు వేళ్లు మడవమంటే పళ్లు బిగించి మడిచాను. ముప్పై శాతం వచ్చింది. పెద్ద అధికారుల ముందు బలంగా కనబడాలని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు, దానివల్ల అక్కడ నష్టపోయాను. నటించమని చెప్పడం లేదు, దాచొద్దంటున్నాను. మామూలు రోజున మీరు ఎలా ఉంటారో అలాగే వెళ్లండి. ఇంట్లో సాయం చేసే మనిషిని వెంట తీసుకెళ్లండి, మనం మర్చిపోయినవి వాళ్లు చెప్తారు. కీలు ఎంత వంగుతుంది, పట్టు ఎంతుంది, ఏ పనులు సొంతంగా చేసుకోగలరు అన్నవి చూస్తారు. నొప్పి ఎంతుందో కొలిచే పరికరం లేదు. అందుకే "చాలా నొప్పి సార్" అనే బదులు "చొక్కా గుండీ పెట్టుకోలేను, చెంబు ఎత్తలేను" అని చెప్పండి.

రెండేళ్ల తర్వాత, వేళ్లు ఇంకా వంగిపోయాక, మళ్లీ వెళ్తే 45 శాతం ఇచ్చారు. వచ్చిన శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ తాత్కాలికమా శాశ్వతమా చూసుకుని, తాత్కాలికమైతే గడువు తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. దీనితోనే యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు), బస్సులో రాయితీ వస్తాయి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఆదాయంలో ₹75,000, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే ₹1,25,000 తగ్గింపు ఉంటుంది.

ఏడో అడుగు: పింఛను మీ ఇంటికి వస్తుందా

శాతం వచ్చినంత మాత్రాన పింఛను రాదు. సచివాలయంలో కుటుంబం మొత్తాన్ని జల్లెడ పడతారు. నెల ఆదాయం పల్లెలో ₹10,000, పట్టణంలో ₹12,000 లోపు ఉండాలి. మాగాణి మూడెకరాల లోపు లేదా మెట్ట పదెకరాల లోపు ఉండాలి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు.

ఉమ్మడి మీటరు మీద మూడు వాటాలుంటే యూనిట్లన్నీ మీ పేరునే పడతాయి. పెళ్లయి వేరుపడిన కొడుకు ప్రభుత్వ ఉద్యోగి అయి, రేషన్ కార్డులో ఇంకా మీతోనే ఉంటే మీరు అనర్హులే. ఇవి ఉద్యోగం మానేముందు సరిచేయించుకోవాల్సినవి. కొత్త పింఛన్లకు దరఖాస్తులు ప్రభుత్వం తెరిచినప్పుడే తీసుకుంటారు. కాబట్టి మొదటి నెల డబ్బు చేతికి వచ్చేదాకా దాన్ని మీ ఆదాయంలో లెక్క వేయకండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఎనిమిదో అడుగు: ఇంట్లో కూర్చుని లెక్క వేయడం

ఒక ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టండి, పెద్దపిల్లలతో సహా. కాగితానికి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఉద్యోగంలో ఉంటే వచ్చే జీతం, కుడివైపు ఆ ఉద్యోగం చేయడానికి అయ్యే ఖర్చు: ఆటోలు, బయటి తిండి, పని వల్ల ఎక్కువయ్యే మందులు, లాస్ ఆఫ్ పే కోతలు. చాలామందికి మిగిలేది అనుకున్నదానికంటే తక్కువ. కింద, మానేస్తే నిజంగా చేతికొచ్చేవి మాత్రమే రాయండి. ఈఎస్ఐ రెండేళ్లే, తర్వాత ఏమిటన్నదీ రాయండి. అప్పుల కిస్తీలు, పిల్లల ఫీజులు దాయకుండా రాయండి. మా అక్కకు ఫైనాన్సులో అప్పు ఉందని బావగారికి తెలిసింది ఈ లెక్క వేసిన రోజే, అప్పటికి రాజీనామా ఇచ్చి పదినెలలైంది.

నా మట్టుకు నేను ఇలా చూస్తాను. పని కొనసాగిస్తే జబ్బు తొందరగా ముదురుతుందని డాక్టరు రాసిచ్చినా, మీ వల్ల ఇతరులకు ప్రమాదం ఉన్నా (ఫిట్స్ వచ్చే డ్రైవరు, కళ్లు తిరిగే క్రేన్ ఆపరేటరు), అప్పుడు డబ్బు లెక్క కుదరకపోయినా సరే ఆ పని ఆపాల్సిందే. ఆపడమంటే రాజీనామా అనుకోకండి, మెడికల్ లీవు పెట్టండి. అలాంటి ప్రమాదం లేకపోతే, ఈఎస్ఐ రోజులూ, సెలవులూ, పని మార్పూ అన్నీ వాడుకున్నాక కూడా నిలబడలేకపోతే అప్పుడు మానడం. "నలభై ఏళ్లకే ఇంట్లో కూర్చుందా" అనే మాటలు వస్తాయి. మీ వేళ్లు ఎంత వంగుతాయో ఆ అన్నవాళ్లకి తెలియదు.

తొమ్మిదో అడుగు: ఇప్పుడు ఉత్తరం రాయండి

పైవన్నీ అయ్యాక, మెడికల్ కాగితాలు జతచేసి ఇలా రాయండి:

"గత ___ నెలలుగా నేను ___ జబ్బుకు చికిత్స తీసుకుంటున్నాను. జతచేసిన సర్టిఫికెట్ల ప్రకారం, నేను ప్రస్తుతం చేస్తున్న ___ పనికి శాశ్వతంగా అశక్తుడినయ్యానని (అశక్తురాలినయ్యానని) డాక్టర్లు తేల్చారు. వేరే పని ఇప్పించమని ___ తేదీన కోరాను. ఈ అనారోగ్యం, అశక్తత కారణంగానే ఉద్యోగం నుంచి విరమిస్తున్నాను. నాకు రావలసిన గ్రాట్యుటీ, పీఎఫ్, పింఛను ఇప్పించగలరు."

డాక్టర్లు అలా తేల్చకపోతే ఆ వాక్యం రాయకండి, అబద్ధం తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. "వ్యక్తిగత కారణాలు", "కుటుంబ పరిస్థితులు" అన్న మాటలు ఎక్కడా రానీయకండి. హెచ్ఆర్ వాళ్లు తమ దగ్గరున్న అచ్చు ఫారం మీద సంతకం పెట్టమంటే, కారణం గడి చదివాకే పెట్టండి. రిలీవింగ్ లెటర్‌లోనూ అదే కారణం ఉండాలి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి.

ప్రభుత్వ ఉద్యోగులైతే రాజీనామా అసలు రాయకూడదు. రాజీనామా చేస్తే వెనకటి సర్వీసు పోతుంది. మెడికల్ బోర్డుకు పంపమని కోరి, ఇక పని చేయలేరని బోర్డు తేలిస్తే ఇన్‌వాలిడేషన్ మీద రిటైర్ కావడం వేరే దారి.

పొగాకు గ్రేడింగ్‌కు, కూలికి, ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లకు రాజీనామా ఉత్తరమే ఉండదు. వాళ్లకు ఐదో అడుగులోవి చాలావరకు వర్తించవు. డైరీ, ఆరో అడుగు, ఏడో అడుగు మాత్రం అంతే ముఖ్యం. భవన నిర్మాణ కార్మికులు సంక్షేమ బోర్డు కార్డు రెన్యువల్ అయిందో లేదో చూసుకోవాలి.

పదో అడుగు: మానేశాక

పింఛను ఒకసారి వచ్చిందంటే ఇక ఎవరూ అడగరనుకోకండి. 2025లో వైకల్యం పింఛన్లు మళ్లీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులు ఇచ్చారు. అప్పీలు చేసి మళ్లీ పరీక్షకు వెళ్లినవాళ్లలో, పాత రిపోర్టులు చేతిలో లేనివాళ్లు బాగా ఇబ్బంది పడ్డారు. చికిత్స మానకండి, ఆరు నెలలకోసారైనా ప్రభుత్వాసుపత్రి ఓపీలో చూపించుకుని చీటీ దాచండి.

మా అక్క ఇప్పుడు ఆ ఫైలును బీరువాలో పట్టుచీరల పైన పెడుతుంది. నీలం అట్ట, లోపల తొమ్మిది ప్లాస్టిక్ కవర్లు, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో పేరు. బావగారు వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్తారు. ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం అబ్బాయి వచ్చి పది వేలు చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకుంటాడు. నేను రికార్డుల టేబుల్ దగ్గరే ఉన్నాను. నా రాజీనామా ఉత్తరం పై నమూనా ప్రకారం రాసి, తేదీ వేయకుండా, నా ఫైల్లో అన్నిటికంటే అడుగున ఉంది.